ఒకే పాట, నాలుగు టేకులు
(మల్టీట్రాక్ రికార్డర్‌లో టేకులను కాపాడుకోవడం ఎలా?)



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని తమ్ముళ్లు అడిగినప్పుడు, జ్ఞాపకాలు రాయాలా, కవిత రాయాలా అని ఆలోచించాను. చివరకు నాకు తెలిసిన పని గురించే రాయడం మంచిదనిపించింది. చదువు అయ్యాక నేను పాటల రికార్డింగ్ పనిలో స్థిరపడ్డాను. మొన్న వేసవి సెలవులకు ముందు మన హాస్టల్ పిల్లలు డప్పు పాట ఒకటి పాడితే, నా దగ్గరున్న ఎనిమిది ట్రాకుల రికార్డర్‌లో రికార్డు చేశాం. అప్పుడు తమ్ముళ్లు అడిగిన ప్రశ్న ఒకటే. "అన్నా, ఒక్క పాటను నాలుగుసార్లు ఎందుకు పాడించావ్? బాగా రానివి తీసేయొచ్చు కదా?"

ఈ పాఠం ఆ ప్రశ్నకు జవాబు. ఒకప్పుడు నేను కూడా "బాగా రానివి" తీసేశాను. దానికి నేను కట్టిన మూల్యం చివర్లో చెబుతాను.

1. టేక్ అంటే ఏమిటి?

పాటను మొదటి నుంచి చివరి వరకు ఒకసారి రికార్డు చేస్తే అది ఒక టేక్. తప్పుపోయి మధ్యలో ఆపినా అదీ ఒక టేకే. మళ్లీ పాడితే రెండో టేక్. ఇలా ఒకే పాటకు ఉన్న వేర్వేరు టేకుల్లో ఏది ఉంచాలి, ఏది వినిపించాలి, దేన్ని దేనితో కలపాలి అని నిర్ణయించుకోవడమే టేకుల నిర్వహణ.

ఇది కొత్త సమస్య కాదు. మన ముత్తాతల కాలంలో తెలుగు నాటక పద్యాలు గ్రామఫోన్ రికార్డులుగా వచ్చేవి. పది అంగుళాల రికార్డుకు ఒక్కో వైపు సుమారు మూడు నిమిషాలే పట్టేది. అప్పట్లో మెత్తటి మైనం పళ్లెం మీద సూదితో గీత గీసి రికార్డు చేసేవారు. దాన్ని వెంటనే వినాలని చూస్తే గీత పాడైపోయేది. అందుకని గాయకుడి చేత రెండు మూడుసార్లు పాడించి, ఒక్కోదానికి ఒక్కో పళ్లెం వాడి, ఇది ఎన్నో టేకో తెలిసేలా చాలా కంపెనీలు రికార్డు నడుమ లేబుల్ దగ్గరి నున్నటి భాగంలో అంకె వేసేవి. అంటే టేకుకు అంకె వేసే అలవాటు దాదాపు రికార్డింగంత పాతది.

తర్వాత టేపు వచ్చింది. టేపు మీద మళ్లీ రికార్డు చేస్తే పాతది చెరిగిపోతుంది. క్యాసెట్ రోజుల్లో ఇంట్లో పాటల మీద పొరపాటున మాటలు రికార్డు చేసి తిట్లు తిన్నవారికి ఈ సంగతి బాగా తెలుసు. 1992లో బజారులోకి వచ్చిన ఆడాట్ అనే యంత్రం డిజిటల్ పద్ధతిలో ఎనిమిది ట్రాకులు రికార్డు చేసేది. కానీ అదీ వీడియో క్యాసెట్ లాంటి టేపు మీదే. రెండో టేక్ దాచుకోవాలంటే ఇంకో ట్రాక్ ఖాళీ ఉండాలి, లేదా టేపులో ఇంకో చోటు వెతుక్కోవాలి.

టేపు పోయి డిస్కు వచ్చాక పరిస్థితి మారింది. 1996లో వచ్చిన రోలాండ్ వీఎస్-880లో వినిపించే ట్రాకులు ఎనిమిదే. కానీ ఒక్కో ట్రాక్ వెనుక ఎనిమిది చొప్పున మొత్తం 64 వర్చువల్ ట్రాకులు ఉండేవి. తర్వాత చాలా కంపెనీల చిన్న రికార్డర్లు ఇదే దారి పట్టాయి. కొందరు వర్చువల్ ట్రాక్ అంటారు, కొందరు వి-టేక్ అంటారు. పని ఒక్కటే.

2. ఎనిమిది కుర్చీల లెక్క

వర్చువల్ ట్రాక్ అర్థం కావాలంటే ఇలా ఊహించండి. వేదిక మీద ఎనిమిది కుర్చీలు ఉన్నాయి. ఒక్కో కుర్చీ వెనుక ఎనిమిది మంది వరుసగా నిలబడ్డారు. ఒక కుర్చీలో ఒకసారి ఒక్కరే కూర్చోగలరు. కూర్చున్నవాడి మాటే జనానికి వినిపిస్తుంది. వెనుక నిలబడ్డవాళ్లు మాట్లాడరు, కానీ ఎక్కడికీ పోలేదు. మీరు పిలిస్తే వచ్చి కూర్చుంటారు.

కుర్చీ అంటే ట్రాక్. వరుసలోని మనిషి అంటే వర్చువల్ ట్రాక్. ఒక్కో మనిషి దగ్గర ఒక టేక్ ఉంటుంది.

ఇక్కడే కొత్తవాళ్లు పొరపడతారు. రెండో టేక్ మొదలుపెట్టే ముందు, కుర్చీలోకి రెండో మనిషిని పిలవాలి. అంటే వి-ట్రాక్ అంకెను 1 నుంచి 2కు మార్చాలి. మార్చకుండా రికార్డు బటన్ నొక్కితే మొదటి టేక్ మీదే రెండోది పడుతుంది. అన్‌డూ ఉంది కదా అనకండి. వీఎస్-880లో 999 అడుగులు వెనక్కి పోవచ్చు. చాలా చిన్న రికార్డర్లలో ఒక్క అడుగే. ఇంకోసారి రికార్డు చేస్తే ఆ ఒక్క అడుగూ పోతుంది.

కాబట్టి మొదటి సూత్రం ఇది: ముందు అంకె మార్చు, తర్వాత రికార్డు నొక్కు.

3. చోటు సరిపోతుందా?

"అన్ని టేకులూ ఉంచితే కార్డు నిండిపోదా?" అని తొమ్మిదో తరగతి తమ్ముడు అడిగాడు. లెక్క వేసి చూద్దాం. మీరు బళ్లో చేసే గుణకారమే.

సీడీ నాణ్యతలో సెకనుకు 44,100 సార్లు శబ్దాన్ని కొలుస్తారు. ఒక్కో కొలతకు 16 బిట్లు, అంటే 2 బైట్లు.

44,100 × 2 = 88,200 బైట్లు (ఒక సెకనుకు)
88,200 × 60 = 52,92,000 బైట్లు (ఒక నిమిషానికి)

అంటే ఒక ట్రాక్, ఒక నిమిషానికి సుమారు 5.3 మెగాబైట్లు. మన పాట నాలుగున్నర నిమిషాలు. మూడు ట్రాకులు, నాలుగు టేకులు. 4.5 × 3 × 4 = 54 ట్రాక్ నిమిషాలు. 54 × 5.3 = సుమారు 286 మెగాబైట్లు. ఒక గిగాబైట్ కార్డులో దాదాపు 189 ట్రాక్ నిమిషాలు పడతాయి. అంటే నాలుగేసి టేకులతో ఇలాంటి పాటలు మూడు సులువుగా దాచుకోవచ్చు. ఇప్పుడు 32 గిగాబైట్ల కార్డు కూడా మామూలే. కాబట్టి చోటు లేదని టేక్ తీసేయవలసిన రోజులు పోయాయి. మీ యంత్రం ఎంత పెద్ద కార్డును చదవగలదో మాత్రం ముందు చూసుకోండి. పాత రికార్డర్లు పెద్ద కార్డును గుర్తించవు.

4. రికార్డింగ్ రోజు చేయవలసినవి

మనం భోజనాల హాలులో రాత్రి తొమ్మిది దాటాక రికార్డు చేశాం. పగలైతే రోడ్డు మీద కొత్తగూడెం బస్సుల హారన్లు, గిన్నెల చప్పుడు. రాత్రయినా ఫ్యాన్లు ఆపాం. చెమటలు కారినా తమ్ముళ్లు ఓపిక పట్టారు. వరుసగా చేసిన పనులు ఇవి:

(అ) డప్పుకు ఒకటో ట్రాక్, ముందు పాడేవాడికి రెండో ట్రాక్, కోరస్‌కు మూడో ట్రాక్ అని ముందే రాసుకున్నాం. చివరి దాకా మార్చలేదు.

(ఆ) మూడు ట్రాకులకూ టేక్ అంకె ఒక్కటే. రెండో టేక్ అంటే మూడు ట్రాకుల్లోనూ వి-ట్రాక్ 2. డప్పు 2లో, గొంతు 3లో ఉంటే వారం తర్వాత ఏది దేనికి జతో బ్రహ్మదేవుడికి కూడా తెలియదు.

(ఇ) ప్రతి టేక్ ముందు ఒక తమ్ముడు మైకులో "డప్పు పాట, టేక్ రెండు" అని గట్టిగా చెప్పాడు. కాగితం పోయినా, ఫైలు పేరు మారినా, ఆ గొంతు మనకు దారి చూపిస్తుంది. సినిమా షూటింగులో క్లాప్ బోర్డు మీద టేక్ అంకె రాసేది కూడా ఇందుకే.

(ఈ) మైకు దూరాన్ని, శబ్దం స్థాయిని టేకుల మధ్య మార్చలేదు. మారిస్తే ఒక టేకుకూ ఇంకో టేకుకూ అతుకు కుదరదు.

(ఉ) టేక్ అయిన వెంటనే స్టాప్ నొక్కి సేవ్ చేశాం. మన దగ్గర కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం. సేవ్ కాకముందు పోతే టేక్ కూడా పోవచ్చు.

(ఊ) ఎంత చెడ్డగా వచ్చిన టేక్ అయినా ఆ రాత్రి చెరపలేదు. అలసిన చెవి సరైన తీర్పు చెప్పదు.

ఇంకో మాట డప్పు గురించి. చర్మం చల్లబడితే డప్పు మెత్తబడుతుంది, గొంతు దిగుతుంది. అందుకే మనవాళ్లు మంట పెట్టి డప్పు కాస్తారు. టేకుల మధ్య ఎప్పుడు కాచారో కూడా రాసుకోవాలి. కాచిన డప్పుకూ చల్లారిన డప్పుకూ అతుకు వేస్తే, వినేవాడికి డప్పు మార్చారేమో అనిపిస్తుంది.

5. టేకుల పట్టిక

యంత్రంలో ఎన్ని సౌకర్యాలున్నా నోటుబుక్కును మించినది లేదు. మన పట్టిక ఇలా ఉంది:

టేక్ 1: డప్పు కాచలేదు. 0:40 దగ్గర కోరస్ తొందరపడింది. ఆపాం.
టేక్ 2: డప్పు కాచాం. పూర్తి. రెండో చరణంలో 1:50 దగ్గర ఒక మాట మరిచిపోయాడు. ముగింపు చాలా బాగుంది.
టేక్ 3: డప్పు కాచలేదు. పూర్తి. మెత్తగా, నెమ్మదిగా ఉంది.
టేక్ 4: డప్పు మళ్లీ కాచాం. పూర్తి. అన్నింటికంటే మంచిది. చివరి పల్లవిలో బస్సు హారన్.

చూశారా? "బాగుంది, బాగాలేదు" అని రాయలేదు. ఎక్కడ బాగుంది, ఏ నిమిషం దగ్గర తప్పు పోయింది అని రాశాం. రెండో టేకును ఆ రాత్రే చెరిపేసి ఉంటే ఏమయ్యేదో తర్వాతి భాగం చదివితే తెలుస్తుంది.

6. రెండు టేకులను కలపడం

మంచి భాగాలను ఏరి ఒక్క టేకుగా చేయడాన్ని స్టూడియోల్లో కాంపింగ్ అంటారు. మనకు నాలుగో టేక్ అంతా బాగుంది, చివరి పల్లవి తప్ప. రెండో టేక్ ముగింపు బాగుంది. రెంటినీ కలిపాం.

మొదట ఒక తమ్ముడు, "గొంతు ట్రాక్ ఒక్కటే రెండో టేక్ నుంచి తెద్దాం అన్నా" అన్నాడు. కుదరదు. అందరూ ఒకే హాలులో కలిసి పాడారు. గొంతు మైకులో డప్పు కూడా పడింది, డప్పు మైకులో గొంతు కూడా పడింది. ఒక్క ట్రాకును మారిస్తే రెండు డప్పులు, రెండు గొంతులు దెయ్యాల్లా వినిపిస్తాయి. కలిసి పాడిన పాటలో మూడు ట్రాకులనూ కలిపే మార్చాలి. వేర్వేరుగా, ఒకరి తర్వాత ఒకరు చెవి ఫోన్లు పెట్టుకుని పాడితేనే ఒక్క ట్రాకును విడిగా మార్చుకోవచ్చు.

రెండో చిక్కు వేగం. మనం మెట్రోనోమ్ పెట్టుకోలేదు. డప్పు కొట్టేవాడి చేయే తాళం. అందువల్ల చివరి పల్లవి నాలుగో టేకులో 3:52కు మొదలైతే, రెండో టేకులో 3:47కే మొదలైంది. అంకెలు చూసి అతికిస్తే ఐదు సెకన్లు తప్పుతుంది. అందుకే డప్పు ఒక్క క్షణం ఆగే చోటు వెతికాం. చివరి పల్లవికి ముందు దరువు ఆగి, అందరూ ఊపిరి పీల్చుకుంటారు. అక్కడ కోశాం.

చేసిన పని ఇది:
— వి-ట్రాక్ 4లో మొదటి నుంచి 3:52 వరకు ఉన్నదాన్ని వి-ట్రాక్ 8లోకి కాపీ చేశాం. మూడు ట్రాకులకూ.
— వి-ట్రాక్ 2లో 3:47 నుంచి చివరి వరకు ఉన్నదాన్ని వి-ట్రాక్ 8లో 3:52 దగ్గర కాపీ చేశాం. మళ్లీ మూడు ట్రాకులకూ.
— అతుకు దగ్గర కళ్లు మూసుకుని పదిసార్లు విన్నాం. ముందు చిన్న టిక్కు శబ్దం వచ్చింది. కోత రవ్వంత ముందుకు జరిపితే పోయింది.

గమనించండి. కాపీ చేశాం, కదిలించలేదు. 2, 4 అలాగే ఉన్నాయి. కోతలన్నీ 8లోనే. రెండో సూత్రం ఇది: అసలు టేక్ మీద కత్తెర పెట్టకు. రేపు అతుకు నచ్చకపోతే మళ్లీ మొదలుపెట్టొచ్చు.

ఇప్పుడు చాలామంది ఈ పని కంప్యూటర్‌లో చేస్తున్నారు. ప్రో టూల్స్‌లో ప్లేలిస్టులు అంటారు, రీపర్‌లో టేకులు అనే అంటారు. తెర మీద టేకులన్నీ ఒకదాని కింద ఒకటి కనిపిస్తాయి కాబట్టి సులువు. కానీ కుర్చీ, వరుస లెక్క మారలేదు.

7. పాట అయిపోయాక

మిక్స్ చేసి ఒక్క స్టీరియో ఫైలు తీస్తే పని అయిపోయిందనుకుంటాం. ఆ ఫైలులో కుర్చీల్లో కూర్చున్నవాళ్లే ఉంటారు. వెనుక వరుసలో ఉన్నవాళ్లు ఉండరు. ఆ ధైర్యంతో యంత్రంలోని ప్రాజెక్టును తీసేస్తే వరుసలన్నీ పోతాయి. కొన్ని యంత్రాల్లో ఆప్టిమైజ్ అనే పని ఉంటుంది. చోటు మిగల్చడానికి, పాటలో వాడని శబ్దాన్ని అది శాశ్వతంగా తుడిచేస్తుంది. అర్థం చేసుకోకుండా దాని జోలికి పోకండి.

అందుకని ప్రతి టేకునూ ట్రాకుల వారీగా వేవ్ ఫైళ్లుగా బయటికి తీయండి. అన్నీ సున్నా సెకను నుంచే మొదలయ్యేలా తీస్తే, రేపు ఏ యంత్రంలో పెట్టినా జత కుదురుతాయి. ఫైలు పేరులో పాట, టేక్, ట్రాక్, తేదీ ఉండాలి. రెండు చోట్ల దాచండి. నోటుబుక్కులోని పట్టికను ఫోటో తీసి వాటితోపాటే పెట్టండి.

8. నేను పోగొట్టుకున్నది

ఇక మొదట్లో చెప్పిన సంగతి. 2009లో మా తాత చేత పాడించాను. తాత డప్పు కొట్టడంలో మా ఊళ్లో పేరున్నవాడు. కుడి చేతిలో సిర్ర, ఎడమ చేతిలో చిటికెన పుల్ల పట్టుకుంటే ఎంతటివాడైనా ఆగి వినాల్సిందే. ఒక పాటను మూడుసార్లు పాడించాను. మూడోసారి అడిగితే, "ఏందిరా, మళ్లా మళ్లా పాడమంటవ్? పాట ఒకపాలి వచ్చినట్టు ఇంకోపాలి రాదురా" అని నవ్వాడు. నేను తప్పు లేకుండా పాడమని అడుగుతున్నాననుకున్నాడు. నిజంగా అంతే అడిగాను.

రెండో టేక్ శుభ్రంగా వచ్చింది. మూడో టేకులో మధ్యలో దగ్గు వచ్చింది, డప్పు ఒకచోట తప్పింది. కానీ చివర్లో తాత ముందు రెండుసార్లూ పాడని చరణం ఒకటి పాడాడు. అందులో వాళ్ల అమ్మ పేరు, ఆమె పుట్టిన ఊరు, కరువులో నడిచి వచ్చిన దారి ఉన్నాయి. నేను అప్పుడు మాటలు వినలేదు. దగ్గు మాత్రమే విన్నాను. కార్డులో చోటు కోసం ఒకటి, మూడు తీసేశాను. కొత్త కార్డు కొనడానికి రెండు రోజుల కూలి అయ్యేది. అది నాకు ఎక్కువనిపించింది.

తాత పోయాక పెద్దకర్మ రోజు ఆ పాట పెట్టాను. అంతా విన్నాక మా మేనత్త అడిగింది, "మా నాయనమ్మ పేరొచ్చే చరణం ఏదిరా?" అని. నా దగ్గర జవాబు లేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం? ఆ చరణం పూర్తిగా ఎవరికీ గుర్తులేదు.

అప్పటి నుంచి నాకు ఒక తేడా తెలిసింది. హాస్టల్ పాటలాంటి సాధనపాటలో టేకుల తేడా అంటే తప్పొప్పుల తేడా. ఏరి కలపొచ్చు. పెద్దల నోటి పాటలో టేకుల తేడా తప్పు కాదు. అదే పాట. ఎదురుగా కూర్చున్నవాళ్లను బట్టి, ఆ పూట గుర్తొచ్చినదాన్ని బట్టి చరణం పెరుగుతుంది, తరుగుతుంది, ఊరి పేరు మారుతుంది. అక్కడ ప్రతి టేకూ అసలే. రెండింటిని అతికిస్తే వాళ్లు ఎన్నడూ పాడని పాట ఒకటి తయారవుతుంది.

మన జిల్లాలోనే మణుగూరు మండలం కూనవరానికి చెందిన కోయ డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్య గారు ఉండేవారు. సమ్మక్క సారలమ్మల కథను పుస్తకం చూడకుండా డోలి మీద పాడేవారు. 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో కన్నుమూశారు. అలాంటివారు పోయాక మనకు మిగిలేది రికార్డయినదే. పేరు రాని డోలి తాతలు, డప్పు తాతలు, లంబాడీ తండాల్లో పాడే అవ్వలు మన చుట్టుపక్కల ఇంకా ఉన్నారు. మీ ఇళ్లలోనూ ఉన్నారు.

కాబట్టి మూడో సూత్రం: పెద్దల పాటలో ఏ టేకూ చెడ్డది కాదు. అన్నీ ఉంచు.

అభ్యాసం

మన హాస్టల్లో అందరికీ రికార్డర్ ఉండదు. ఫోనుతో మొదలుపెట్టండి. ఈ సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు:

1. ఇంట్లో పెద్దవారిని అడిగి, వారు ఒప్పుకుంటే, ఒక పాటను వేర్వేరు రోజుల్లో మూడుసార్లు రికార్డు చేయండి.
2. ప్రతిసారీ ముందు తేదీ, ఊరు, టేక్ అంకె మీ గొంతుతో చెప్పండి.
3. మూడింటినీ విని, ఏ మాటలు మారాయో నోటుబుక్కులో రాయండి. ఎందుకు మారాయో వారినే అడగండి.
4. ఏదీ చెరపకండి.

హాస్టల్‌కు తిరిగి వచ్చాక ఆ నోటుబుక్కులు దాచి పెట్టండి. వచ్చే వార్షికోత్సవానికి నేను రికార్డర్ తీసుకుని వస్తాను. అందరం కూర్చుని విందాం. డప్పు కాచే పని మాత్రం మీదే.

మీ అన్న,
పూర్వ విద్యార్థి